గిజిగాడు అల్లిన లైసెన్సు కీ

ఎర్రగుట్ట అడవిలో బోరు మోటారును నడిపేది ఓ కంప్యూటరు. అది నడిస్తేనే తొట్టిలోకి నీళ్లు. ఎండాకాలంలో ఆ తొట్టే అందరికీ ప్రాణం. మొన్నటి గాలివానలో పిడుగు పడి కంప్యూటరు మాడిపోయింది. కోతి కొత్తది తెచ్చి సాఫ్ట్‌వేరు ఎక్కిస్తే, అది లైసెన్సు కీ అడిగి కూర్చుంది. ఇరవై ఐదు అక్షరాలు. ఒక్కటి తప్పినా మోటారు కదలదు.

ఆ కీ కాగితం నక్క దగ్గర ఉంది. అందరి పేరునా వచ్చినదాన్ని బొరియలో దాచుకుని, అదేదో తన తాత సంపాదించినట్టు మూడేళ్లుగా మీసం దువ్వుతోంది. నకలు రాసుకుంటామంటే కరిచినంత పని చేసేది.

"కాగితం తే బావా," అంది కోతి.

నక్క బొరియలోకి దూరి, మూతినిండా మట్టితో బయటికొచ్చింది. "చెదలు తినేశాయి."

"తినవూ? మూడేళ్లు మేపావుగా!" అడవిదున్న బుసకొట్టింది. "నా దూడ నాలుక పిడచకట్టుకుపోతోంది. దానికేం చెప్పమంటావు?"

"అమ్మిన కంపెనీని అడుగుదామంటే, అది మూతపడి రెండేళ్లు," అంది కోతి నీరసంగా.

"నా దగ్గరుంది," అన్నాడు గిజిగాడు కొమ్మమీంచి.

నక్క పకపకా నవ్వింది. "పిడికెడంత లేవు, నీ దగ్గరేముందిరా?"

"కీ వచ్చిన రోజు నువ్వే గొప్పకి కాగితం ఎత్తి అందరికీ చూపించావు మామా. చూసింది చూసినట్టు అల్లుకున్నా. ఏటా వానాకాలంలో మళ్లీ కొత్తగా అల్లుతున్నా."

ఎండిన వాగు ఒడ్డున తుమ్మచెట్టుకి గూళ్లు వేలాడుతున్నాయి. ఒక్కో గూటి పొట్టమీద నల్లటి నారతో ఒక్కో అక్షరం.

నక్క గబగబా లెక్కపెట్టింది. "తొమ్మిది గాలివానకి రాలిపోయాయిగా! ఇప్పుడేం చేస్తావు?"

"అవతలి ఒడ్డున ఈతచెట్టుకి ఇంకో ఇరవై ఐదున్నాయి. గుట్ట వెనక మరో ఇరవై ఐదు."

అన్ని తలలూ ఒక్కసారి పైకి లేచాయి. ఈతమట్టల చివర వరసగా ఇరవై ఐదు గూళ్లు, ఎండలో బంగారంలా మెరుస్తూ, మెల్లగా ఊగుతున్నాయి. అంత చిన్న ముక్కు, ఇంత పని! కోతి వాటిని వరసగా రాసుకొచ్చి, కంప్యూటరులో ఒక్కో అక్షరం గుడిలో దీపం వెలిగించినంత మెల్లగా నొక్కింది.

మోటారు దగ్గింది. నీళ్లు దూకాయి.

దూడ మూతి ముంచింది. కొండంత అడవిదున్న గిజిగాడి ముందు కొమ్ములు వంచింది. నక్క తోక ముడుచుకుని తొట్టి దగ్గర వరసలో చిట్టచివర నిలబడింది.

పదిమందికి ప్రాణమైనదాన్ని ఒక్క బొరియలో దాచినవాడు దాన్ని చెదలకి అప్పజెప్పినట్టే.