బచులీ అవ్వ చెక్కపార

అనగనగా మబ్బులు గుమ్మం తొక్కి ఇంట్లోకొచ్చేంత ఎత్తున, హిమాలయాల్లో ఒక ఊరు. ఊరికంటే ముందు పుట్టిన రాతి గుడి, దానికి చెక్క కప్పు. ఆ కప్పు మీద పడ్డ మంచు తోసెయ్యడం బచులీ అవ్వ పని. ఆమెకున్న ఆస్తల్లా ఒక గుడిసె, ఒక చెక్కపార.

చలికాలం రాగానే స్వామిని పల్లకీలో కింది ఊరికి తీసుకుపోతారు. జనమంతా వెనకే పోతారు. గుడి కూలకుండా అవ్వ ఒక్కతే ఉండిపోతుంది. ఒక ఏడు ఆమెకి పాడు సందేహం పట్టుకుంది.

"పూజారిగారూ, స్వామి కిందికి వెళ్ళిపోతున్నాడా?"

"వెళ్తున్నాడుగా, కనబడటంలా?" అంటూనే ఆయన గుళ్ళో దీపం వెలిగించి, తలుపుకి తాళం వేశాడు.

"మరి ఆ దీపం ఎవరికండీ?"

"స్వామికే!"

అవ్వకి బుర్ర తిరిగిపోయింది. పల్లకీ మోసే గుమాన్‌సింగ్‌ని అడిగింది.

"భుజం మీద బరువైతే ఉందవ్వా. అది స్వామిదో పల్లకీదో నాకేం తెలుసు?"

అందరూ వెళ్ళాక తలుపే తట్టింది. "స్వామీ, ఉన్నావా?" ఉలుకూ లేదు, పలుకూ లేదు.

మొదటి మంచు పడింది. "ఉన్నాడో లేడో, మంచైతే ఉంది" అనుకుని గుడి కప్పెక్కింది. తర్వాత తన గుడిసె కప్పు మీదా తోసుకుంది. రెండో మంచు పడింది. "ఉన్నాడో లేడో, మంచైతే ఉంది." మళ్ళీ రెండు కప్పుల మీదా తోసింది.

మూడో మంచు మూడు రోజులు ఆగకుండా పడింది. అవ్వ చేతుల్లో ఒక్క కప్పుకి సరిపడా సత్తువే మిగిలింది. గుడా, గుడిసా? ఖాళీ గుడి కోసం ఉన్న గూడు పోగొట్టుకోవడం ఏం తెలివి? ఒకవేళ ఖాళీ కాకపోతే? ఎటూ తేలక ఏడ్చింది పాపం. చివరికి, "ఉన్నాడో లేడో, మంచైతే ఉంది" అంటూ గుడి వైపే నడిచింది.

కిందికి దిగేసరికి మంచు బరువుకి గుడిసె నేలమట్టం. గుడి తలుపుకేమో తాళం.

మంచు కరిగాక జనం తిరిగొచ్చారు. గుడి చెక్కు చెదరలేదు. గడప మీద తల వాల్చి అవ్వ ఉంది, ఒళ్ళో పార. ప్రాణం ఎప్పుడు పోయిందో!

"స్వామి లోపలుంటే తలుపు తీయలేదేం?" అన్నాడు గుమాన్‌సింగ్. "లేకపోతే ఈవిడ ఎవరికోసం పోయినట్టు?"

పూజారి తాళం తీశాడు. ఇప్పటికీ ఎవరికీ తెలీదు. నాకూ తెలీదు, తలుచుకుంటే కోపమొస్తుంది.

ఆ ఏటి నుంచి చలికాలంలో ఆ గుడికి తాళం లేదు. దీపం పక్కన ఒక కంబళి, మోపెడు కట్టెలు పెట్టి, తలుపు ఊరికే చేరవేసి పోతారు. ఎవరైనా ఎటూ తేలక కూర్చుంటే, పక్కవాళ్ళు చేతికి పార అందిస్తారు.

"ఉన్నాడో లేడో, మంచైతే ఉంది. లే!" అంటారు.