పసుపు గీత మీద కుర్చీ

ఆ రాజ్యపు విమానాశ్రయంలో, నున్నటి రాతి నేల మీద, ఈ గోడ నుంచి ఆ గోడ దాకా ఒక పసుపు గీత ఉండేది.

గీతకు ఇటువైపు పని ఒక కంపెనీది. వాళ్లవి నీలం చొక్కాలు. అటువైపు పని ఇంకో కంపెనీది. వాళ్లవి ఆకుపచ్చ చొక్కాలు. రెండు కంపెనీలూ పోట్లాడుకోకుండా రాజుగారు ఒక నియమం రాయించారు: "డ్యూటీ బూట్లు గీత దాటరాదు." ఎంత పొందిగ్గా ఉందో చూడండి. ఒక మాట ఎక్కువ లేదు, ఒక మాట తక్కువ లేదు.

రాజుగారికి ఆ విమానాశ్రయమంటే ప్రాణం. పైకప్పు కలువపువ్వులా కట్టించారు. గోడల మీద ఏనుగుల్ని చెక్కించారు. దేశదేశాల నుంచి దిగినవాళ్లు తలెత్తి చూసి అబ్బా అనుకునేవారు. తల దించాక ఏమనుకునేవారో రాజుగారు ఎప్పుడూ అడగలేదు.

ఒకరోజు మధ్యాహ్నం, సముద్రం అవతల నుంచి వచ్చిన విమానంలో ఒక ముసలమ్మ దిగింది. తుంటికి ఆపరేషనై నెల కూడా కాలేదు, సాయం లేకుండా లేచి నిలబడలేదు. ఆమె కోసం చక్రాల కుర్చీ వచ్చింది. తోయడానికి నీలం చొక్కా వచ్చాడు. నడివయసు మనిషి, మర్యాదస్తుడు.

"ఎన్ని గంటల ప్రయాణమమ్మా?"

"పద్నాలుగు నాయనా. ఆ ఇరుకు గదిలోకి పోలేనని దారి పొడుగునా మంచినీళ్లు కూడా ముట్టలేదు. దిగే ముందు విమానంలో అమ్మాయి బతిమాలి రెండు గ్లాసుల రసం తాగించింది. ముందు నన్ను బాత్రూంకి తీసుకెళ్లు. తక్కినవన్నీ తర్వాత."

"దానికేముందమ్మా. అదిగో, ఎదురుగానే."

నిజంగానే ఎదురుగా ఉంది. తలుపు మీద చీర కట్టుకున్న బొమ్మ కూడా కనిపిస్తోంది. మధ్యలో పసుపు గీత ఉంది.

నీలం చొక్కా కుర్చీని తెచ్చి, ముందు చక్రాలు అటు, వెనక చక్రాలు ఇటు ఉండేలా ఆపి, బ్రేకు వేశాడు. పనిమంతుడు. వెంట్రుకవాసి తేడా రానివ్వలేదు.

"ఇక్కడి నుంచి వాళ్లు తోస్తారమ్మా."

"ఎవరు?"

"వాళ్లు."

వాళ్లలో ఒకడు అటువైపు స్తంభానికి ఆనుకుని ఉన్నాడు. ఆకుపచ్చ చొక్కా.

"ఏం తమ్ముడూ, అమ్మగారిని తీసుకోవా?"

"అప్పగింత కాగితం రాలేదన్నా."

"అర్జెంటయ్యా."

"అర్జెంటని కాగితంలో ఉంటే పరిగెత్తుకుంటూ తీసుకెళ్తా. రానీ."

పది నిమిషాలు గడిచాయి. కుర్చీకి చక్రాలతోపాటు కాస్త మనసు కూడా ఉంది. అది గీతను అడిగింది.

"నువ్వైనా కొంచెం పక్కకు జరగవూ?"

"నాకు కాళ్లెక్కడివి? కాళ్లున్నవాళ్లను అడుగు," అంది గీత.

ఇరవై నిమిషాలు గడిచాయి. ముసలమ్మ కుర్చీ చేతుల్ని గట్టిగా పట్టుకుంది.

"బాబూ, నువ్వే తొయ్యకూడదూ? నాలుగడుగులే కదా."

"ఉద్యోగం పోతుందమ్మా."

"పోనీ, దిగి పాక్కుంటూ పోనా?"

"పాకేటప్పుడు ఏమైనా అయిందంటే దానికి ఇంకో కాగితం కావాలమ్మా."

ఆయన వెటకారానికి అనలేదు పాపం. తెలిసినదే చెప్పాడు.

హాలు నిండా జనం. ఆమె వైపు ఒకసారి చూసినవాళ్లందరికీ వెంటనే ఫోన్లలో ఏదో ముఖ్యమైన పని గుర్తొచ్చింది. వాళ్లలో మీరూ నేనూ లేమనే అనుకుందాం.

నలభయ్యో నిమిషంలో ముసలమ్మ అడగడం మానేసింది.

అప్పటిదాకా నిటారుగా ఉన్న తల వంగిపోయింది. కుర్చీ కింద నుంచి సన్నటి తడి బయల్దేరి, గీతను తాకి, ఎవరినీ అడగకుండా అటువైపుకు పోయింది. ఆ రోజు అప్పటిదాకా కాగితం లేకుండా గీత దాటింది అదొక్కటే.

ఈసారి మాత్రం ఎవరూ ఆలస్యం చేయలేదు. ఇటు నుంచి ఒకావిడ, అటు నుంచి ఒకాయన తుడుపుకర్రలతో వచ్చారు. ఆవిడ ఇటు తడి తుడిచింది. ఆయన అటు తడి తుడిచాడు. గీత మీది తడి ఎవరిదో తెలియక ఇద్దరూ దాన్ని అలాగే వదిలేశారు.

"ఆ తుడుపుకర్ర ఇలా ఇవ్వమ్మా. నా వల్లే కదా, నేనే తుడుస్తాను," అంటూ ముసలమ్మ కుర్చీలోంచి ముందుకు వంగబోయింది. వంగలేకపోయింది. కొంగు తీసి ఒళ్లో కప్పుకుంది. "తప్పయిపోయింది నాయనా. ఎవరికీ చెప్పకండి. బయట మా వియ్యాలవారు కాచుకుని ఉన్నారు."

తప్పయిపోయిందని ఆ హాల్లో అన్నది ఆమె ఒక్కతే.

నీలం చొక్కా చెవులు ఎర్రబడ్డాయి. ఎటు చూడాలో తెలియక కిందికి చూశాడు. అక్కడ తన బూట్లు, కంపెనీ ముద్రతో, నల్లగా మెరుస్తున్నాయి. చాలాసేపు వాటినే చూశాడు. తర్వాత కూర్చుని లేసులు విప్పాడు. రెండు బూట్లనూ గీతకు ఇటువైపు పక్కపక్కనే పెట్టాడు. మేజోళ్లు తీసి వాటిలో దోపాడు. లేచి, బ్రేకు తీసి, వట్టి కాళ్లతో కుర్చీని తోసుకుంటూ వెళ్లాడు.

"అన్నా, నువ్వు గీత దాటావు," అన్నాడు ఆకుపచ్చ చొక్కా.

"బూట్లు దాటలేదుగా."

ఆకుపచ్చ చొక్కా నియమాన్ని మనసులో ఒకసారి చదువుకున్నాడు. ఒక మాట ఎక్కువ లేదు, ఒక మాట తక్కువ లేదు. మళ్లీ స్తంభానికి ఆనుకున్నాడు.

తలుపు దగ్గర ఆయా ఎదురొచ్చి కుర్చీ అందుకుంది. ముసలమ్మ వెనక్కి తిరిగి చూసింది.

"ఎన్నడుగులు నాయనా?"

"పదకొండమ్మా."

"అంతేనా. నా కళ్లకేదో అయింది కాబోలు. చాలా దూరంలా కనిపించింది."

ఆమె లోపలికి వెళ్లింది. ఆయన ఆ పదకొండడుగులూ వెనక్కి నడిచాడు. రాయి చల్లగా ఉంది. ఇన్నేళ్లుగా అక్కడే పని చేస్తున్నా ఆ సంగతి ఆయనకు తెలియదు.

గీత దగ్గరికి వచ్చేసరికి అక్కడ జనం.

ఆ రాజ్యంలో ఒక అలవాటుంది. రేషను దుకాణం ముందైనా, ఆసుపత్రి చీటీల కిటికీ ముందైనా, మనుషులు చెప్పులు వదిలి అలా వెళ్లొస్తారు. చెప్పులు వాళ్ల చోటు కాస్తుంటాయి. తర్వాత వచ్చినవాళ్లు వాటి వెనక నిలబడతారు. దేనికని అడగరు. అడిగే లోపల ఇంకొకరు వచ్చేస్తారని భయం. ఇప్పుడు కూడా బూట్లను చూసి ఒక పెద్దమనిషి ఆగాడు. ఆయన్ని చూసి ఆరు పెట్టెలతో ఒక సంసారం ఆగింది. ఇక్కడి పద్ధతి ఇదే కాబోలని నలుగురు విదేశీయులు కూడా వచ్చి నిలబడ్డారు. పాతికమంది దాకా ఉన్నారు. గీత మీద ఇంకా ఆరని తడి ఉంది. అందరూ దాన్ని చూడనట్టే నిలబడ్డారు.

నీలం చొక్కా వంగి బూట్లు అందుకోబోయాడు.

"ఏమండీ, మేం మనుషుల్లా కనబడటం లేదా? లైన్లో రండి," అన్నాడు పెద్దమనిషి.

అవి నా బూట్లేనని చెబుదామనుకున్నాడు. నోరు తెరిచాడు కూడా. పెద్దమనిషి ఆయన వట్టి కాళ్ల వైపు చూశాడు, తర్వాత బూట్ల వైపు చూశాడు.

"ఈ బూట్లు మీవా?"

"కాదండీ, కంపెనీవి," అన్నాడు నీలం చొక్కా.

వరస పొడుగునా నడుచుకుంటూ వెళ్లి అందరికంటే చివర నిలబడ్డాడు. కాసేపటికి ఆయన వెనక ఇంకొకరు వచ్చి నిలబడ్డారు.