ఆరు బిరుదుల జీతం

నెమలికోట రాజ్యంలో ఒక ఆచారం ఉండేది లెండి. ఎంత పెద్దమనిషైనా సరే, వాకిట్లో తన బిరుదులన్నీ చదివించుకున్నాకే కొలువులో కాలు పెట్టాలి. ఆ చదివే పని జగ్గప్పది. తొమ్మిదేళ్లుగా జీతం పెరగలేదు, బియ్యం ధర మాత్రం రెండింతలైంది. ఇంట్లో ఒక్క పూటే పొయ్యి వెలుగుతోంది. ఇక లాభం లేదని మంత్రి వెంగళప్పగారి కాళ్ల మీద పడ్డాడు.

"బొక్కసం వట్టిపోయిందిరా. నౌకర్లంతా పొదుపు నేర్చుకోవాలి," అన్నాడు మంత్రి.

"చిత్తం, నేర్చుకుంటానండి," అన్నాడు జగ్గప్ప.

మర్నాడు కొలువు కిటకిటలాడుతోంది. మంత్రి పల్లకీ దిగాడు. జగ్గప్ప ఆరు బిరుదులు గణగణ చదివి టక్కున నోరు మూసేశాడు. గడప దాటబోయిన మంత్రిగారి కాలు కొంగకాలులా గాల్లోనే ఆగిపోయింది.

"మిగతా పద్దెనిమిదీ ఏవిరా?"

"అయ్యా, తొమ్మిదేళ్ల కిందట నాకీ జీతం ఖాయం చేసిన నాడు తమకు ఆరే బిరుదులు. జీతం పెరగకుండా అరుపు పెంచితే పొదుపెలా అవుతుందండీ?"

లోపల రాజుగారు మీసం చాటున నవ్వుకుంటూ, "నిజమే మంత్రీ. మిగతావి మీరే చదువుకోండి, బొక్కసానికి ఖర్చుండదు," అన్నారు.

మంత్రి చెమట తుడుచుకుని, సన్నటి గొంతుతో మొదలెట్టాడు. "నేను... అపర దానకర్ణుణ్ణి..."

ఇంకేముంది, కొలువంతా పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది. గుర్రపుశాల వాళ్లు కూడా పరుగెత్తుకొచ్చి మరీ నవ్వారు.

"చాల్లేరా, నౌకర్లందరికీ పెంచుతాను. నువ్వే చదువు," అన్నాడు మంత్రి.

ముద్రపడిన ఉత్తర్వు కళ్లజూశాకే జగ్గప్ప గొంతెత్తాడు. ఇరవై నాలుగూ చదివి, ఇరవై అయిదోది ఉచితంగా కలిపాడు.

"అడగ్గానే జీతాలు పెంచిన ప్రభువు, బహుపరాక్!"