నాంచారి పుట్టి

అనగా అనగా ఒక ఏరు. ఏటికి ఇవతల వెదురుపాడు అనే ఊరు, అవతల నరసింహస్వామి కొండ. ఏరు దాటాలంటే పుట్టి ఎక్కాల్సిందే. వెదురుతో అల్లి, అడుగున తోలు బిగించిన గుండ్రటి పడవ అది. ఊళ్ళో సగం మందికి పుట్టి నడపడమే బతుకు.

ఒక వానాకాలం రేవు పెద్ద పోలయ్యకు దుర్బుద్ధి పుట్టింది. నడి ఏట్లో తెడ్డు ఆపి, "బరువెక్కువైంది. ఆ మూట ఇటిస్తే ఒడ్డు చేరతాం. లేదంటే మీ ఇష్టం" అన్నాడు. ఎక్కినవాళ్ళు వణికిపోయి మూట ఇచ్చేశారు. అది చూసి ఇంకొకడు నేర్చాడు. వాణ్ణి చూసి మరొకడు నేర్చాడు. ఇంకేముంది! కొన్నాళ్ళకు రేవంతా అదే పని. ఊళ్ళో ఎవరి ఒంటిమీద చూసినా కొత్త బట్టలు, కొత్త కడియాలు. ఇదేమని అడిగేవాడు లేడు. అడగాల్సిన వాళ్ళ ఇళ్ళకూ వాటాలు వెళ్తున్నాయి మరి.

ఆ పని చెయ్యనిది నాంచారి ఒక్కతే. తండ్రి పోయాక ఆయన పుట్టిని తనే నడుపుకుంటోంది. తెడ్డు వేస్తూ స్వామి మీద పాటలు పాడేది. గొంతు అంత గొప్పదేం కాదు. అయినా వింటున్నవాళ్ళకు నీళ్ళంటే భయం పోయేది.

పోలయ్య ఆమెను పిలిచాడు. "పిల్లా, నువ్వొక్కదానివే మంచిదానివైతే మేమంతా ఏమైనట్టు? మాతో కలువు."

"నా పుట్టిలో స్వామి కూడా ఎక్కుతాడు మామా. ఆయన ఎదుట ఇంకొకరి మూట ఎట్లా లాక్కోను?" అని నవ్వింది నాంచారి.

"అయితే ఈ రేవులో నీకు చోటు లేదు ఫో!"

నాంచారి పుట్టిని బోర్లించి నెత్తిన పెట్టుకుంది. ఏటి ఎగువకు నడిచింది. అక్కడన్నీ రాళ్ళు, ముళ్ళపొదలు. పొదలు నరికి, రాళ్ళు జరిపి, నీళ్ళదాకా చిన్న దారి చేసుకుంది. ఆ సంగతి ఆనోటా ఈనోటా పాకింది. "పాటలు పాడే పిల్ల పుట్టి ఎక్కడ?" అని అడుగుతూ జనం అంత దూరమూ నడిచి వచ్చేవారు.

పోలయ్యకు ఒళ్ళు మండింది. ఒకనాడు తెల్లవారి నాంచారి వచ్చేసరికి పుట్టి తోలు నిలువునా చీరి ఉంది. వెదురు బద్దలు విరిగి ఉన్నాయి.

ఆమె అక్కడే కూలబడింది. కొండవైపు చూసి, "ఏం స్వామీ, చూస్తున్నావా, నిద్రపోతున్నావా?" అని పోట్లాడింది. వెక్కివెక్కి ఏడ్చింది. ఏడ్చి ఏడ్చి, కొంగుతో ముఖం తుడుచుకుంది. "సరేలే. నేనంటే నీకు ప్రేమ ఉందని నాకు తెలుసు. అదెట్లా చూపిస్తావో నీ ఇష్టం" అని విరిగిన బద్దలు ఏరడం మొదలుపెట్టింది.

అంతలో ఏరు దాటేవాళ్ళు వచ్చారు. గొర్రెల కాపరి బీరయ్య పుట్టిని చూసి, మాటైనా మాట్లాడకుండా వెనక్కి తిరిగిపోయాడు. నాంచారి బద్దలు ఏరుతూనే ఉంది. కాసేపటికి అతను భుజాన ఎండిన తోళ్ళతో మళ్ళీ వచ్చాడు! బుట్టలల్లే ఓబులమ్మ కొత్త బద్దలు ముందేసుకుని కూర్చుంది. "పాట అందుకోవే, చేతులు ఆడతాయి" అంది. మధ్యాహ్నానికల్లా పుట్టి తయారు. పాతదానికంటే పెద్దది కూడా.

నాంచారి కొండవైపు చూసి, "నిద్రపోలేదన్నమాట!" అంది.

ఆ వారమే ఏరు పొంగింది. జనాన్ని అవతల దింపి వస్తున్న పోలయ్య పుట్టి, దోచిన మూటల బరువుకు అదుపు తప్పి, నడి ఏట్లో బండకు కొట్టుకుని చీలిపోయింది. అతను బండను కరుచుకుని కేకలు పెట్టాడు. ఒడ్డున ఉన్నదంతా తనవాళ్ళే. "నాకేమిస్తావ్?" అని ఒకడు అరిచాడు. "నీ రేవు పెద్దరికం ఇస్తానను, వస్తా" అన్నాడు ఇంకొకడు. మూడోవాడు చూడనట్టే ఇంటికి వెళ్ళిపోయాడు.

కేకలు విని నాంచారి పుట్టిని నీళ్ళలోకి దింపింది. అక్కడే ఉన్న ఓబులమ్మ ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది. "నీ పుట్టి చీల్చింది వాడేనే!"

"తెలుసు అత్తా. నువ్వు మంచిదానివైతేనే ప్రేమిస్తానని స్వామి నాతో ఎన్నడైనా అన్నాడా?"

పళ్ళు బిగించి తెడ్డు వేసింది. వరద రెండుసార్లు పక్కకు నెట్టింది. మూడోసారి బండ చేరింది. పోలయ్యను జుట్టు పట్టి లోపలికి లాగింది.

ఒడ్డు చేరాక పోలయ్య వణుకుతూ, "నీకేం ఇవ్వాలి అమ్మీ?" అన్నాడు.

"ఏమీ వద్దు. ఇంటికెళ్ళి వేడి గంజి తాగు మామా. పెదాలు నల్లబడ్డాయి."

ఆ మాటకు పోలయ్య చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. మర్నాడు ఇంట్లో ఉన్న మూటలన్నీ తెచ్చి రేవులో పెట్టాడు. తనవాళ్ళతో, "నన్ను వదిలేశారని మీమీద కోపం లేదురా. మీకు అది నేర్పింది నేనే" అన్నాడు.  వాళ్ళూ ఒక్కొక్కరే తమ ఇళ్ళనుంచి మూటలు తెచ్చారు. ఒకరిద్దరు గొణుక్కుంటూ తెచ్చారు, కానీ తెచ్చారు. ఎవరి సొమ్ము వాళ్ళకు చేరింది. నాంచారిని చేతులు పట్టుకుని తీసుకొచ్చి రేవు పెద్దను చేశారు. ఆ ఏడాది కొండకు వెళ్ళినవాళ్ళంతా నవ్వుతూ వెళ్ళి, నవ్వుతూ తిరిగొచ్చారు.

చుట్టూ ఎందరు చెడ్డదారి పట్టినా, దేవుడి ప్రేమను నమ్మి మంచిని వదలని మనిషి ఒక్కరుంటే చాలు. ఆ ఒక్కరి వెంట ఊరంతా మంచిదారికి వస్తుంది.