ఒకే గాబులో మూడు పాములు

గుంటనక్కకు పాముల్ని పెంచే పిచ్చి. ఎవరి పిచ్చి వారికి ఆనందం! కట్లపాముకో కుండ, నీటిపాము పిల్లకో కుండ, రెండుతలల పాము తిప్పమ్మకో ఇసక కుండ. ఎలకల్ని పట్టి తెచ్చి మేపుతూ, "ఇన్ని రకాలు ఈ అడవిలో ఇంకెవడి దగ్గరున్నాయిరా?" అని మీసం దువ్వేది.

తిప్పమ్మకూ గర్వం తక్కువేం కాదు. దాని తోక మొద్దుగా తలలాగే ఉంటుందని ఎవరైనా నవ్వితే, "ఉన్న ఒక్క తలతో మీరేం ఉద్ధరించార్లే!" అనేది.

ఓ రోజు అడవిపంది తన వియ్యాలవారిని తీసుకుని పాముల్ని చూడ్డానికి వస్తానంది. నక్క కాళ్ళు నేలమీద నిలవలేదు.

"మూడు కుండలు చూపిస్తే ఏం ఘనత? అన్నీ ఒకే గాబులో కలిసి ఆడుతుంటే కదా నా పెంపకం తెలిసేది!"

తిప్పమ్మ గతుక్కుమంది. "అయ్యా, కట్లపాముకు పాములే కూడు. మమ్మల్ని దాంతో వెయ్యకు."

"చాల్లే! ఒకే జాతివాళ్ళు, సర్దుకుపోండి. ఐకమత్యమే మహాబలం."

"పగలంతా తల దాచుకుని పడుకునేవాణ్ణి, నాతో భయమేంటత్తా?" అంది కట్లపాము వెన్న పూసినట్టు.

నక్క మూడింటినీ గాబులో వేసి మూత పెట్టేసింది. గాబంతా చీకటైంది. చీకట్లో కట్లపాముకు నిద్రెక్కడిది? తిప్పమ్మ కేకేసేలోపే, పాపం, నీటిపాము పిల్ల దాని గొంతు దిగిపోయింది.

"ఇక నువ్వేనత్తా!"

ఒక్క కాటు పడితే చావే. తిప్పమ్మ చటుక్కున చుట్టచుట్టుకుని, తల అడుగున దాచి, తోక పైకెత్తి ఊపింది.

"రారా అల్లుడూ! అత్తను మింగే మొనగాడివా? ఇదిగో తల!"

కట్లపాము ఎగిరి కాటేసింది. తిప్పమ్మ తోక దించేసింది. కాటు గాబు గోడకు తగిలి కోరలు పుటుక్కుమన్నాయి. అది తేరుకునేలోపు తిప్పమ్మ వెనకనుంచి మెడ పట్టి, ఒళ్ళంతా బిగించేసింది.

అప్పుడే నక్క చుట్టాల ముందు దర్జాగా మూత తీసింది.

"మూడన్నావు, రెండేనేంటి బావా?" అంది అడవిపంది. ఉబ్బిన కట్లపాము పొట్ట చూశాక ఎవరికీ వేరే చెప్పక్కర్లేకపోయింది. నక్క మొహంలో నెత్తురు చుక్క లేదు.

తిప్పమ్మ కోరలు విరిగిన కట్లపామును వదిలి గాబు అంచు దాటింది.

"తిప్పమ్మా, నువ్వైనా ఉండవే, నా పరువు పోతుంది!" నక్క బతిమాలింది.

"నీ పరువుకి పసిదాని ప్రాణం పోయింది. నీ ఎలకలూ వద్దు, నీ గాబూ వద్దు. నా ఇసకలో నేను మహారాణిని!"

పందులన్నీ పక్కకు తప్పుకుని దారిచ్చాయి. తిప్పమ్మ వెనక్కి చూడకుండా సాగిపోయింది.

నీతి: ఎవరికి ఎవరు కూడో చూడకుండా అందరిచేతా ఒకే ఇంట్లో కాపురం పెట్టించకు.