సంతకం లేని ఫిర్యాదు

2004 సెప్టెంబరు 22, బుధవారం. కాకినాడలో పొద్దున్నుంచీ మబ్బు పట్టి ఉంది. చినుకు లేదు, గాలి లేదు. చొక్కా ఒంటికి అతుక్కుపోతోంది. ఇంత కచ్చితంగా ఎలా చెబుతున్నానంటే, స్టోరు పుస్తకంలో రోజూ తేదీ పక్కన వాతావరణం కూడా రాసే అలవాటు నాకుండేది. రాయమని ఎవరూ చెప్పలేదు.

ఆ పొద్దున వేణుమాధవ్ చేతిలో కాగితంతో పరంజ్యోతి మాస్టారి గదిలోకి వచ్చాడు.

పరంజ్యోతి గారు మా చిన్న పరిశోధనాలయానికి పెద్ద. కడుపులో పుండ్లు పుట్టించే బాక్టీరియా మీద ఇరవై ఏళ్ళుగా పనిచేస్తున్నారు. డాక్టరు గారూ అంటే పలికేవారు కారు. మాకు మాస్టారు, పిల్లలకి సార్. వేణుమాధవ్, సత్యవాణి ఆయన దగ్గర పరిశోధన చేస్తున్న పిల్లలు. నేను స్టోరు చూసేవాణ్ణి, పేరు పేర్రాజు. 1966లో వృక్షశాస్త్రంతో బియస్సీ పాసయ్యాను. చెట్ల లాటిన్ పేర్లు ఇప్పటికీ గడగడా చెప్పగలను. ఎవరూ అడగరు. ఆ బాక్టీరియాని మాత్రం మాస్టారే ఒకసారి నాకు మైక్రోస్కోపులో చూపించారు. పెన్సిలు చెక్కితే రాలే పొట్టులా మెలికలు తిరిగి ఉంది. ఇంత చిన్నదా ఇన్నేళ్ళు మనుషుల కడుపు మండించింది అనుకున్నాను.

విషయానికి వస్తాను. సోమవారం ఇంక్యుబేటర్ తెరిచేసరికి, వేణుమాధవ్ మూడు నెలలుగా పెంచుతున్న జీర్ణాశయ కణాలన్నీ చచ్చిపోయి ఉన్నాయి. డిసెంబరు ఆఖరు లోపల థీసిస్ ఇవ్వకపోతే అతని గడువు అయిపోతుంది. అతని మొహం చూడలేకపోయాం.

ఆ మధ్యాహ్నం టీ తాగుతూ నేను అతనితో ఒక మాట అన్నాను. శనివారం నేను ఇంటికి వెళ్ళేటప్పుడు ఆ ఇంక్యుబేటర్ తలుపు తీస్తున్నది సత్యవాణి అన్నాను. అబద్ధం కాదు, కళ్ళారా చూశాను. ఆ ఇంక్యుబేటర్‌కి గ్యాస్ అందకపోతే కణాలు చస్తాయని, ఆ సిలిండర్ చూసుకోవలసింది నేనని, సామర్లకోటలో తోడల్లుడి గృహప్రవేశానికి బయల్దేరే తొందరలో ఆ శనివారం మీటరు చూడలేదని మాత్రం అనలేదు.

రెండు రోజుల్లో ఆ మాట అతనిలో పెరిగింది. తలుపు తీసింది అన్నది తలుపు సరిగ్గా వెయ్యలేదు అయింది. తర్వాత, కావాలనే వెయ్యలేదు అయింది. బుధవారానికి ఒక పేజీ ఫిర్యాదయింది. అది కమిటీకి వెళితే విచారణ తేలేదాకా సత్యవాణికి స్టయిపెండు ఆపేస్తారు. ఆపేస్తే ఆ పిల్ల మర్నాడే తునిలో ఇంటికి బస్సెక్కాలి. ఎక్కితే మళ్ళీ రాదని మా అందరికీ తెలుసు.

నేను ఆ గదిలోనే, కిటికీ పక్కన బీరువాలో స్లైడ్లు సర్దుతున్నాను. మాస్టారు ఫిర్యాదు రెండుసార్లు చదివారు.

"కింద సంతకం లేదేం?"

"మీకు చూపించి పెడదామని, సార్."

"ఆ పిల్ల తలుపు వెయ్యకపోవడం నువ్వు చూశావా?"

"చూసినవాళ్ళు చెప్పారు, సార్."

ఎవరని ఆయన అడగలేదు. నా పేరు అతనూ చెప్పలేదు. మంచి కుర్రాడు.

మాస్టారు కాగితం బల్ల మీద పెట్టి, థీసిస్ పరీక్ష దగ్గర పడుతోంది కదా, మన బాక్టీరియా కణాన్ని ఎలా పాడుచేస్తుందో చదువుకోని మనిషికి చెప్పినట్టు చెప్పమన్నారు. వేణుమాధవ్‌కి ఆ వేళప్పుడు పాఠం అప్పజెప్పడం ఇష్టం లేదు. కానీ అది అతని సొంత విషయం. మొదలుపెట్టాక గొంతు మారింది. అది వచ్చి కడుపు లోపలి పొరలో ఉన్న కణాన్ని పట్టుకుంటుందిట. సూదిలాంటి గొట్టమొకటి లేపి, దాంట్లోంచి ఒక ప్రొటీను కణంలోకి తోస్తుందిట. తను బయటే ఉంటుంది. తర్వాత ఆ కణం పొడుగ్గా సాగిపోయి, పక్క కణాలతో ఉన్న పట్టు వదిలేస్తుంది.

"లోపలికి వెళ్ళగానే సాగుతుందా?"

"లేదు సార్. వెళ్ళిన ప్రొటీను మీద కణంలోని ఎంజైము ఫాస్ఫేటు అంటించాలి. అప్పుడే సాగుతుంది."

"ఆ ఎంజైము బాక్టీరియాదా?"

"కాదు సార్. కణానిదే."

"అంటించకపోతే?"

"సాగదు. పోయినేడు ఆ ఎంజైముని ఆపి నేనే చూపించాను కదా, సార్."

"అవును. బాగా చేశావు."

మాస్టారు సొరుగులోంచి పెన్ను తీశారు. మూత తీసి, కాగితాన్ని అతనివైపు తిప్పి, దాని మీద పెట్టారు.

"మాట ఎవరిదైనా సంతకం నీదే. పెట్టు."

వేణుమాధవ్ పెన్ను అందుకున్నాడు. వంగాడు. నేను స్లైడ్ల లెక్క తప్పి మళ్ళీ మొదటికి వచ్చాను. కాసేపటికి అతను పెన్నుకి మూత పెట్టి బల్ల మీద ఉంచాడు. కాగితం నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు.

కణాలు మళ్ళీ మొదట్నించి పెంచుకుంటానన్నాడు. ఎక్కణ్ణించి తెస్తావని మాస్టారు అడిగారు.

"సత్యవాణి గడ్డకట్టించి దాచినవి ఉన్నాయి. వెళ్ళి అడుగు."

"ఇస్తుందంటారా, సార్?"

"ఇస్తానని నిన్ననే వచ్చి చెప్పింది. నువ్వు మొహం తిప్పుకు తిరుగుతుంటే ఎలా ఇవ్వాలో తెలియక నన్నడిగింది."

అతను తల వంచుకుని వెళ్ళిపోయాడు. మాస్టారు ఏదో పత్రిక తెరిచారు. పేజీ తిప్పుతూ, నావైపు చూడకుండా, ఇంక్యుబేటర్‌కి గ్యాస్ సిలిండర్ మార్పించారా పేర్రాజు గారూ అన్నారు. సోమవారమే మార్పించానండి అన్నాను. మంచిది అన్నారు. అంతే.

వేణుమాధవ్ డిసెంబరు ఆఖరి వారంలో థీసిస్ ఇచ్చాడు. మొదట్లో కృతజ్ఞతల పేజీలో సత్యవాణి పేరుంది. రెండు వరసల కింద నా పేరూ ఉంది.

మార్చిలో మాస్టారు రిటైరై నరసాపురంలో అక్కగారి దగ్గరికి వెళ్ళిపోయారు. వెళ్ళే రోజు గదిలో ఉన్న తన సొంత వస్తువులన్నీ పంచేశారు. ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలిచి ఇచ్చారు. మైక్రోస్కోపు సత్యవాణికి. ఇరవై ఏళ్ళ నోటుపుస్తకాలు వేణుమాధవ్‌కి. గొడుగు వాచ్‌మన్‌కి. గోడ గడియారం, గదులు ఊడ్చే అచ్చియ్యమ్మకి. అది నాకెందుకు బాబూ, టైము చూడ్డం రాదు అంటే, నేర్పడానికి మీ మనవరాలుంది కదా అన్నారు.

పదహారేళ్ళు ఆయన దగ్గర పనిచేశాను. నన్ను పిలవలేదు.

ఇంటికి వచ్చాక మా ఆవిడ నా చేతులకేసి చూసి, మీకేమిచ్చారండీ అంది. ఏమీ లేదన్నాను. ఇంతమందిలో మర్చిపోయుంటారులెండి అంది.

"మాస్టారు మర్చిపోయే మనిషి కాదే" అన్నాను.