ముందు నడిచే జనరల్

అడవి అంచున ఒక రైతుకు కోళ్లదొడ్డి ఉండేది. చుట్టూ మట్టిగోడ, గోడ మీద ముళ్లకంప, ఒకటే తడిక తలుపు. ఆ దొడ్డికి జనరల్ ఒక సీమకోడి. అతని తాత ఓడెక్కి వచ్చినవాడు. ఆ వంశంలో పుట్టినందుకు అతను గుడ్డులో ఉండగానే కెప్టెన్ అయ్యాడు, ఈకలు రాకముందే కల్నల్ అయ్యాడు, తండ్రి పోయిన మర్నాడే జనరల్ అయ్యాడు. ఏనాడూ కాపలా కాయలేదు. ఒకసారి దొడ్డిలో దూరిన ముంగిసతో పోరాడి చచ్చింది ఒక కోడిపుంజు. గెలిచిన పేరు మాత్రం జనరల్‌కు వచ్చింది. అతనికి తెలిసిన యుద్ధవిద్య ఒక్కటే, మేతకు వెళ్లినా గూటికి వచ్చినా అందరికన్నా ముందు నడవడం.

ఆ ఎండాకాలం రైతు ఊరెళ్లాడు. అదను చూసి నక్కలు దొడ్డిని చుట్టుముట్టాయి. లోపల తొట్టిలో నీళ్లు అడుగంటాయి. కోడిపిల్లలు నోళ్లు తెరుచుకుని పడుకున్నాయి.

సాయంత్రం ముసలి నక్క తలుపు దగ్గరికి వచ్చి వంగింది.

"జనరల్ దొరవారికి దణ్ణాలు. మీలాంటి గొప్పింటివారిని దాహంతో చంపితే మాకే అప్రతిష్ఠ. తమరంతా కవాతు చేసుకుంటూ వాగు దాకా వెళ్లండి. మేం పక్కన నిలబడి వందనం చేస్తాం."

జనరల్ తోక విప్పాడు. "షరతు?"

"ఒకటే దొరా. పిల్లలు ముందు, పెట్టలు వెనక, తమరు చివర."

పిల్లల తల్లి నల్లపెట్ట మెల్లగా అంది: "దొరా, పొద్దున్నే రైతు బండి వస్తుంది. ఈ ఒక్క రాత్రి ఓర్చుకుందాం. ఆ నక్క మీసానికి మా చెల్లెలి ఈక ఇంకా అంటుకునే ఉంది."

"మర్యాదగా మాట్లాడేవాణ్ణి అనుమానించడం నీచుల గుణం. నువ్వు గుడ్లు పెట్టుకో. సంధి నేను చూసుకుంటాను."

"పిల్లలు నావి దొరా."

"సైన్యం నాది."

గడియ దగ్గర రెండు బాతులు కాపలా ఉన్నాయి. అవి జనరల్ మాట తప్ప ఇంకెవరి మాటా వినవు. నల్లపెట్ట తడిక సందులోంచి చూసింది. దారి పక్క గుంటలో చెవులు కదిలాయి. ముందు వెళ్లేవాళ్లు ఎవరి నోట్లోకి వెళతారో దానికి అర్థమైంది.

"సరే దొరా, మీ ఆజ్ఞ. తెలియక అడుగుతాను, మీ తాతగారు ఎప్పుడైనా కోడిపిల్లల వెనక నడిచారా?"

జనరల్ తోక ఊగడం ఆగింది. "ఆయన ఎవరి వెనకా నడవలేదు."

"రేపు కాకులు ఏమనుకుంటాయో మరి. నాకెందుకులెండి."

బయట నక్క గొంతు తొందరపడింది. "షరతు షరతే దొరా."

"నేనెక్కడ నడవాలో నువ్వు చెబుతావా?" అన్నాడు జనరల్. "ముందు నేను. తియ్యండి తలుపు."

తలుపు ఒక్క పక్షి దూరేంత తెరుచుకుంది. జనరల్ రొమ్ము విరుచుకుని అడుగు బయటపెట్టాడు. గుంటలోని నక్కలకు చివరి పక్షి బయటికి వచ్చేదాకా కదలొద్దని ఆజ్ఞ. కాని అన్నిటికన్నా బలిసింది కళ్లముందుకు వచ్చింది. ఒకటి దూకింది. దాని వెనకే అన్నీ.

"ఆగండ్రా," అని ముసలి నక్క గుర్రుమంది. ఎవరు వింటారు?

నల్లపెట్ట ఒంటి బరువంతా తలుపు మీద వేసింది. బాతులు అప్పుడు బుద్ధి తెచ్చుకుని గడియ వేశాయి.

"తలుపు," అని బయటినుంచి జనరల్ కేక.

నల్లపెట్ట పిల్లల్ని చూసింది. తలుపు తీయలేదు. "గోడ దూకండి దొరా."

"మా వంశంలో ఎవరూ గోడ దూకలేదు."

"అయితే మీరు మొదలుపెట్టండి."

రెక్కలు టపటపలాడాయి. ముళ్లకంప మీదుగా జనరల్ లోపల పడ్డాడు. తోక మాత్రం ఊడి బయటే ఉండిపోయింది. దాని కోసం నక్కలు తెల్లవార్లూ ఒకదాన్నొకటి కరుచుకున్నాయి. బండి గంటలు వినపడేసరికి నోటినిండా ఈకలతో అడవిలోకి పారిపోయాయి.

మర్నాడు మేతవేళ జనరల్ తలుపు పక్కన ఒదిగి నిలబడ్డాడు.

"ముందు నడవరా దొరా?" అంది నల్లపెట్ట.

"నడుస్తాను. బయట ఎవరున్నారో చూసి వస్తాను. నేను పిలిచేదాకా పిల్లల్ని పంపకు."

ఒంటరిగా వెళ్లి గుంటలోకి తొంగిచూశాడు. తర్వాతే పిలిచాడు.

ముందు నడిచే హక్కు కావాలనేవాడు మొదటి దెబ్బకూ ఒళ్లు అప్పగించాలి.